డ్రైవరు కుర్చీలో ఎవరున్నారు?

నేను రైలు నడపడం మొదలుపెట్టి నాలుగు నెలలయింది. లండన్ నగరం కింద సొరంగాల్లో తిరిగే బేకర్లూ లైను మెట్రో రైలు. రాత్రి వంటిల్లు సర్దుకుని, మర్నాటికి పప్పు నానబోసి, అందరూ పడుకున్నాక, మా అబ్బాయి హాస్టలుకి వెళ్తూ ఇంట్లో వదిలేసిన కంప్యూటర్ ముందు కూర్చుంటాను. క్వీన్స్ పార్క్ స్టేషన్లో బండి ఎక్కుతాను. అక్కడ ఇంకా ఆకాశం కనిపిస్తుంది. స్టేషను దాటగానే బండి సొరంగంలో దూరుతుంది. ఇక ఎలిఫెంట్ అండ్ కాజిల్ దాకా, దాదాపు అరగంట, భూమి కిందే.

ఆట పేరు ‘ట్రెయిన్ సిమ్ వరల్డ్ 2’. బ్రిటన్‌లోని డోవ్‌టెయిల్ గేమ్స్ అనే సంస్థ 2020లో విడుదల చేసింది. తర్వాత ఇంకా కొత్తవి వచ్చాయిగానీ మా ఇంట్లో ఉన్నది ఇదే. సాహిత్య పత్రికలో కంప్యూటర్ ఆట మీద విమర్శేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. కథనైనా సినిమానైనా చదివేటప్పుడు అందులో ఏముందో చూడటంతో ఆగకుండా, ఏం లేదో, ఎవరు లేరో వెతకడం మనకి స్త్రీవాద విమర్శే నేర్పింది. ఈ ఆట కూడా ఒక పాఠ్యమే. దానికీ రచయితలున్నారు. వాళ్లూ కొన్ని రాసి, కొన్ని వదిలేశారు.

మా అబ్బాయితో ఫోన్లో ఈ మాటే అంటే నవ్వాడు. “అమ్మా, ఇది రైలు ఆట. ఇందులో ఆడా మగా ఏముంటుంది? కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఎవరైనా కూర్చోవచ్చు” అన్నాడు. వాడి మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఈ వ్యాసం ఒక రకంగా వాడికి జవాబు. ఇంకో రకంగా, ఇరవై ఏళ్లకి పైగా నేను జవాబు చెప్పకుండా దాటేసిన మరొకరికి.

ముందు ఈ ఆటలో నాకు నచ్చినవి చెప్పాలి. మగపిల్లలు ఆడే ఆటలంటే తుపాకులూ రక్తమూ అనుకునేదాన్ని. ఇందులో ఎవరూ ఎవర్నీ చంపరు. ఎవరూ రాకుమార్తెని రక్షించరు. చేయాల్సిందల్లా ఒక పనిని శ్రద్ధగా, మళ్లీ మళ్లీ చేయడం. కంట్రోలరు ముందుకి జరిపి వేగం అందుకోవాలి. సిగ్నలు చూసుకోవాలి. స్టేషను వెలుగు కనపడేసరికి బ్రేకు మొదలుపెట్టి, ఏడు పెట్టెల బండినీ ప్లాట్‌ఫారం మీద సరిగ్గా ఆపాలి. తలుపులు తెరవాలి, జనం ఎక్కేదాకా ఆగాలి, మూయాలి, మళ్లీ కదలాలి. పని బాగా జరిగినంతసేపూ ఎవరి దృష్టికీ రాదు. తేడా వస్తేనే అందరూ తలెత్తి చూస్తారు. ఇంటిచాకిరీ చేసే ఏ ఆడదానికైనా ఇది కొత్తగా నేర్పాల్సిన విషయం కాదు. ఒక్కటే తేడా. ఇక్కడ బండి సరైన చోట ఆగితే పాయింట్లు వస్తాయి.

రెండోది చీకటి. చీకట్లో ఒంటరిగా ఉన్నప్పుడు వెనక అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించకుండా ఉన్న అనుభవం మనలో ఎంతమందికి ఉంది? ఈ సొరంగంలో నేను ఒక్కదాన్నే ఉంటాను. చీకటి నా ముందు ఉంటుంది, నా బండి దీపాలు దాన్ని చీల్చుకుంటూ పోతాయి. నన్ను ఎవరూ చూడరు. వెనక వందలమంది నా చేతిని నమ్ముకుని కూర్చున్నారని తెలుస్తుంటుంది. ఈ అనుభూతి నిజమైంది కాదని తెలుసు. అయినా మొదటి రాత్రి అది నన్ను కదిలించింది. యాభై నాలుగేళ్ల వయసులో, తెలుగు పాఠాలు చెప్పుకునే నేను, ఒక యంత్రం నా మాట వింటుంటే చిన్నపిల్లలా సంబరపడ్డాను.

ఇప్పుడు ఆ దారిలోనే ఒక స్టేషను గురించి చెప్తాను. క్వీన్స్ పార్క్ దాటాక కిల్‌బర్న్ పార్క్, దాని తర్వాత మైడా వేల్. ఆటలో ఇది చిన్న స్టేషను. ఆగి, తలుపులు తెరిచి, మూసి వెళ్లిపోతాం. ఈ మైడా వేల్ 1915 జూన్ 6న మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధానికి మగవాళ్లు వెళ్లిపోయారు కాబట్టి ఆ స్టేషన్ని తెరిచిన రోజు నుంచీ పూర్తిగా ఆడవాళ్లే నడిపారు. టికెట్లు, గేట్లు, ప్లాట్‌ఫారం, అన్నీ వాళ్లే చూసుకున్నారు. స్టేషను వాళ్ల చేతుల్లో ఉందిగానీ, దాన్లోంచి పోయే బండి లేదు. డ్రైవరు కుర్చీ మగవాళ్లదే. యుద్ధం అయిపోయాక మగవాళ్లు తిరిగొచ్చారు, వాళ్ల పనులు వాళ్లకి ఇచ్చేసి ఆడవాళ్లని ఇళ్లకి పంపేశారు.

లండన్ భూగర్భ రైల్వేలో ఒక స్త్రీ డ్రైవరు కుర్చీలో కూర్చోవడానికి మైడా వేల్ తెరిచాక 63 ఏళ్లు పట్టింది. ఆమె పేరు హానా డాడ్స్. 1969లో అప్టన్ పార్క్ స్టేషన్లో చిన్న ఉద్యోగిగా చేరింది. 1976లో గార్డు అయింది. 1978లో డిస్ట్రిక్ట్ లైను మీద డ్రైవరు అయింది. ఆ మధ్య వచ్చిన అరవై మూడేళ్లలో యంత్రం ఏమీ తేలిక కాలేదు, ఆడవాళ్ల చేతులు ఏమీ పెద్దవి కాలేదు. నియమం మారింది, అంతే.

ఆట తయారుచేసినవాళ్లు ఈ లైనుని ఎంత శ్రద్ధగా గీశారంటే గోడల మీద పలకల రంగులూ, గొట్టాల్లాంటి సొరంగం వంపులూ, 1972 నమూనా బండి చేసే మూలుగుతో సహా దించారు. ఇనుముకీ పింగాణీకీ ఉన్న చరిత్ర అంతా ఇక్కడుంది. మైడా వేల్ గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లది మాత్రం లేదు. రైలు ఆటలో చరిత్ర పాఠం అడగడం న్యాయమా అంటే, బండి ఏ ఏడాది నమూనానో అంత పట్టింపు ఉన్నవాళ్లని అడగడం న్యాయమే అంటాను.

మా అబ్బాయి మాట దగ్గరికి వద్దాం. కుర్చీ ఖాళీ, ఎవరైనా కూర్చోవచ్చు. నిజంగా?

రష్యా సంగతి చూడండి. సోవియట్ కాలంలో మాస్కో మెట్రోలో స్త్రీలు రైళ్లు నడిపారు. 1980ల్లో కొత్తగా స్త్రీలని ఆ పనిలోకి తీసుకోవడం ఆపేశారు. 2000లో రష్యా ప్రభుత్వం స్త్రీలు చేయకూడని 456 రకాల పనుల జాబితా ప్రకటించింది. మెట్రో రైలు నడపడం అందులో ఒకటి. కారణం అడిగితే ఆరోగ్యం, మాతృత్వం. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అన్నా క్లేవెత్స్ అనే యువతి మెట్రోలో అసిస్టెంట్ డ్రైవరు పనికి దరఖాస్తు చేస్తే, స్త్రీవి కాబట్టి కుదరదన్నారు. ఆమె ఆ జాబితానే సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2009లో కోర్టు ఆమె పిటిషన్ని తోసిపుచ్చింది. జాబితాని కుదించి మెట్రో డ్రైవరు పనిని అందులోంచి తీసేశాక, 2021 జనవరిలో మాస్కోలో స్త్రీలు మళ్లీ ఆ కుర్చీ ఎక్కారు. ఆ ఇరవై ఏళ్లూ పీటర్స్‌బర్గ్ అమ్మాయి ఎవరైనా సరే ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో మెట్రో నడపొచ్చు. వీధి కింద పోతున్న అసలు బండిని మాత్రం ముట్టుకోకూడదు. ఆటలో కుర్చీ ఎవరికైనా ఇచ్చేశారంటే, అక్కడ ఎవరూ నిజంగా కూర్చోరు కాబట్టే.

ఇది రష్యా గొడవే అనుకుని నిట్టూర్చి ఊరుకోనక్కర్లేదు. భూమి కింద పని ఆడవాళ్లకి పనికిరాదన్న మాట మన చట్టంలోనూ ఉండేది. 1952 నాటి గనుల చట్టం స్త్రీలని భూగర్భంలోకి దింపకూడదంది. సింగరేణి నేల మీద పుట్టిపెరిగిన అమ్మాయికి కూడా, తండ్రి దిగిన గనిలోకి ఉద్యోగిగా దిగే హక్కు లేదు. 2019లో షరతులతో, కొన్నిరకాల ఉద్యోగాలకి ఆ నిషేధాన్ని సడలించారు. మన హైదరాబాద్ మెట్రో 2017లో మొదలైనప్పుడు రైళ్లు నడిపే అమ్మాయిల ఫోటోలు పత్రికల్లో చూసి మనమంతా మురిసిపోయాం. మురిసిపోవాల్సిందే. ఆ బళ్లు స్తంభాల మీద, అందరి కళ్లముందూ తిరుగుతాయి. ఒక తరం ఆడపిల్లలు తలెత్తి చూసి, డ్రైవరు స్త్రీ కావడం మామూలే అనుకుంటూ పెరుగుతున్నారు.

ఈ నిషేధాలన్నిటికీ సాకు ఒకటే. స్త్రీ శరీరం. గర్భం, నెలసరి, బలహీనత, రాత్రి. నేను ఈ ఆటని పట్టుకుని ఇంతగా వేలాడటానికి కారణం అక్కడే ఉంది.

ఈ ఆటలో డ్రైవరుకి శరీరం లేదు. కుర్చీలో కూర్చుని కిందికి చూస్తే ఒడి కనపడదు. కంట్రోలరు కదులుతుంది, దాన్ని పట్టుకున్న చెయ్యి కనపడదు. లండన్ లైన్లలో బాగా వేడెక్కేవాటిలో బేకర్లూ ఒకటి. ఆ పాత బళ్లకి ఏసీ లేదు. ఆటలో చెమట పట్టదు. తెల్లవారుజామున తీసుకెళ్లే మొదటి బండి కోసం ఏ వేళకి నిద్ర లేవాలో, ఇంట్లో చంటిపిల్లని ఎవరికి అప్పజెప్పాలో లేదు. అన్నిటికంటే భయంకరమైనది, బండి కింద ఎవరైనా పడటం, ఆటలో లేదు. లండన్‌లో చాలా లోతైన స్టేషన్లలో పట్టాల మధ్య గొయ్యి ఉంటుంది. పడినవాళ్లు బతికే అవకాశం కాస్త పెరుగుతుందని. ఆ గొయ్యి ఎందుకుందో తెలిసిన డ్రైవరు స్టేషను వెలుగుని చూసే చూపు, నా చూపు ఒకటి కావు. నేను పాయింట్ల కోసం చూస్తాను.

నిజమైన బండిలో ఒక పిడి ఉంటుంది. డ్రైవరు దాన్ని నొక్కి పట్టుకునే ఉండాలి. స్పృహ తప్పి చెయ్యి వదిలితే బండి తనంతట తానే ఆగిపోతుంది. దాన్ని ‘డెడ్ మ్యాన్స్ హ్యాండిల్’ అంటారు, చనిపోయిన మగవాడి పిడి అని. పేరు పెట్టినవాళ్లకి ఆ కుర్చీలో చనిపోయేది కూడా మగవాడే. అది అలా ఉంచితే, ఆ యంత్రం మనిషిని ప్రతి క్షణం అడుగుతూ ఉండేది ఒకటే, ప్రాణమున్న శరీరం ఇక్కడ ఉందా అని. ఆటలో ఆ ప్రశ్నే అవసరం లేదు. అక్కడ పాజ్ ఉంది.

పాజ్ నొక్కితే లండన్ మొత్తం ఆగుతుంది. సొరంగం ఆగుతుంది, ప్రయాణికులు ఆగుతారు, గడియారం ఆగుతుంది. నేను లేచి అత్తయ్యకి మంచినీళ్లిస్తాను. పొయ్యి కట్టేశానో లేదో చూసి వస్తాను. బాత్రూంకి వెళ్తాను. తిరిగొచ్చేసరికి బండి నన్ను వదిలి ఎక్కడికీ పోదు. ఒక రాత్రి అలా బాత్రూంలోంచి బయటికొస్తుంటే మా చెల్లెలు గుర్తొచ్చింది. గుర్తొచ్చి అక్కడే గోడకానుకుని నిలబడిపోయాను.

మా నాన్న ఒక లోకో షెడ్డులో ఫిట్టరు. నేను పుస్తకాల వెంట పడితే, చెల్లెలు నాన్న వెంట పడేది. ఇంజను చప్పుడు విని ఎక్కడ తేడా ఉందో చెప్పేది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివింది. 1999లో అసిస్టెంట్ డ్రైవరు ఉద్యోగానికి రాత పరీక్ష రాసి పాసయింది. మన దేశంలో సురేఖా యాదవ్ 1989లోనే ఆ ఉద్యోగంలో చేరింది కాబట్టి ఆడవాళ్లు చేయకూడదన్న నియమమేదీ లేదు. ఇంట్లోనే గొడవ జరిగింది. అమ్మ రాత్రి డ్యూటీలు, పెళ్లి సంబంధాలు అంది. వాటికి చెల్లెలు గట్టిగానే జవాబు చెప్పింది. నాన్న మాత్రం తల వంచుకుని, “ఇంజన్లో దొడ్డికి జాగా లేదమ్మా. మేమంటే ఎట్లానో కానిచ్చుకుంటాం. ఆడపిల్లవి, గంటల తరబడి ఎట్లా ఉంటావు?” అన్నాడు.

చెల్లెలు నావైపు చూసింది. అప్పటికి నేను లెక్చరర్ని. ‘నీలి మేఘాలు’ కవిత్వ సంకలనం మీద, అందులో స్త్రీ శరీరం గురించి, ఒక సెమినారులో పత్రం చదివి వచ్చి నెల కూడా కాలేదు. నెలసరి గురించీ కాన్పు గురించీ కవితల్లో సిగ్గులేకుండా మాట్లాడాలని వేదిక మీద వాదించినదాన్ని, ఇంట్లో చెల్లెలి మొహం చూడకుండా, “నాన్న చెప్పేది నిజమే కదే” అన్నాను. మెడికల్ పరీక్షకి రమ్మని వచ్చిన కాగితం దేవుడి గూట్లో చాలా రోజులుంది. తర్వాత ఏమైందో నేను అడగలేదు.

ఇన్నేళ్లూ నేనన్నది కఠినమైన మాటే అయినా వాస్తవమేనని సమర్థించుకున్నాను. చాలా ఇంజన్లలో మరుగుదొడ్డి లేదన్నది ఇప్పటికీ వాస్తవమే. మహిళా డ్రైవర్లు దానికోసం అడుగుతూనే ఉన్నారు. నీళ్లు తాగడం మానేసి డ్యూటీలు చేస్తున్నారు. కానీ లోపం ఇంజనుది. నేను దాన్ని తీసుకెళ్లి చెల్లెలి శరీరానికి అంటగట్టాను. ఇంజను గీసినవాళ్లు అందులో కూర్చునే మనిషికి దాహం, మూత్రం, నొప్పి ఉంటాయని తలచలేదు. మా నాన్నలాంటి మగవాళ్లు కూడా ఆ లేమిని తమ శరీరాల మీద మోశారు, ‘ఎట్లానో కానిచ్చుకుని’. ఆడది వచ్చి నిలబడి అడిగేదాకా అది లోపమని ఎవరూ గుర్తించలేదు.

ఆట కూడా ఆ ఇంజనులాంటిదే. సొరంగాన్ని అడుగడుగూ కొలిచినవాళ్లు, కూర్చునే మనిషిని మాత్రం కొలవలేదు. శరీరం లేని డ్రైవరుని ఊహించడం చాలా తేలిక. నియమాలు రాసినవాళ్లు మొదటినుంచీ ఊహించుకున్నది ఆ డ్రైవరునే. శరీరం ఉందని ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడల్లా అది స్త్రీదైంది, అడ్డమైంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో గృహిణి ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయి వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఆటలో నేను పేరూ శరీరమూ రెండూ బయట వదిలి లోపలికి వెళ్తున్నాను. మొదట అది స్వేచ్ఛ అనుకున్నాను. శరీరం లేకపోతేనే దొరికే కుర్చీ స్వేచ్ఛ ఎలా అవుతుంది?

అందుకని ఈ ఆట ఆడొద్దని చెప్పను. మీ ఇళ్లల్లో ఆడపిల్లలుంటే వాళ్లముందు పెట్టండి. యంత్రం తమ మాట వింటుందని చేతికి తెలియడం చిన్న విషయం కాదు. దాంతోపాటు మైడా వేల్ కథ, హానా డాడ్స్ కథ, అన్నా క్లేవెత్స్ కథ కూడా చెప్పండి. పాజ్ లేని చోట ఆ పని చేస్తున్న స్త్రీలు ఏం అడుగుతున్నారో చెప్పండి. కుర్చీ ఖాళీగా ఉందన్న మాట ఒక్కటే చెప్పి వదిలేస్తే, రేపు ఆ పిల్ల నిజమైన కుర్చీ దగ్గరికి వెళ్లినప్పుడు మళ్లీ తన శరీరాన్నే తప్పు పట్టుకుంటుంది.

మొన్న సంక్రాంతికి చెల్లెలు వచ్చింది. ఇప్పుడు తన ఊళ్లో పిల్లలకి లెక్కల ట్యూషన్లు చెప్తుంది. భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, “నడుపు” అన్నాను. ఎందుకో చెప్పలేదు, తనూ అడగలేదు. రెండు నిమిషాల్లో మీటలన్నీ అర్థం చేసుకుంది. “బండి ఊగదేమక్కా? నాన్న షెడ్డులో ఇంజను ఎక్కితే పళ్లు కూడా అదిరేవి” అంది. మైడా వేల్లో కాస్త ముందుకి పోయి ఆగింది. పాయింట్లు పోయాయి. తర్వాత స్టేషన్నుంచి ఒక్క చోట కూడా తప్పలేదు.

మధ్యలో తన ఫోను మోగింది. తియ్యలేదు. నేను టీ తెచ్చి పక్కన పెట్టి, పాజ్ నొక్కి తాగమని మీట చూపించాను. అక్కర్లేదన్నట్టు తలూపింది. ఎలిఫెంట్ అండ్ కాజిల్ వచ్చి, తలుపులు తెరిచి, జనమంతా దిగాక అప్పుడు కుర్చీ వెనక్కి జరిపి, “ఆ రోజు నువ్వు నా వైపు మాట్లాడతావనుకున్నానక్కా” అంది. కోపంగా కాదు, మామూలుగానే.

“మాట్లాడాల్సింది” అన్నాను.

టీ మళ్లీ వెచ్చబెట్టుకొచ్చేసరికి తను తిరుగు బండి మొదలుపెట్టింది.